ముందు ఊరు అడుగు

రేవు సంఘం ఆఫీసు, విశాఖపట్నం
జనవరి 6, 2025

అత్తా,

నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను! తూర్పు రేవు కార్గో కార్మికుల సహకార సంఘం, రెండో అంతస్తు, ఎడమవైపు గది. పదిహేనేళ్ళు నువ్వు కూర్చున్న కుర్చీకి ఇప్పటికీ ఒక కాలు పొట్టి. దాని కింద నువ్వు పెట్టిన అట్టముక్క కూడా అలాగే ఉంది. మూడు నెలల కాంట్రాక్టే అయినా, పోయిన వారం ఆర్డరు చేతికి ఇచ్చినప్పుడు మెట్ల మీద గెంతాను. వాచ్‌మన్ చూసి నవ్వాడు, నవ్వనీ.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. వాట్సాప్ పెట్టమంటే 'నా తిట్లు సగం అదే దిద్దేస్తోంది' అంటావు. అందుకని మణికంఠ అన్నయ్యే మన పోస్ట్‌మేన్. సబ్బవరం నుంచి రోజూ క్రేన్ డ్యూటీకి వస్తున్నాడు కదా, బండి డిక్కీలో ఉత్తరం పెట్టుకోవడానికి అభ్యంతరం లేదన్నాడు.

నువ్వు పెట్టిన సర్వర్ ఇంకా బతికే ఉంది! ఏసీ నీళ్ళు కారితే తడవకుండా దానికి ప్లాస్టిక్ గొడుగు కట్టారు. అందులో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 2008 నాటిది. చేసినవాళ్ళే దానికి మరమ్మతులు పంపడం మానేసి పదేళ్ళు దాటిందట. ఎవడైనా దొంగ దూరితే తలుపుకి గొళ్ళెం కూడా లేనట్టే. మొన్న ఆడిట్ వాళ్ళు చూసి బుగ్గలు నొక్కుకున్నారు.

ఇక కిటికీ సంగతి. పొద్దున్న ఆరింటికి పాసుల కిటికీ తెరుస్తాం, ఏడింటికి గేటు మూసేస్తారు. పేరు చెబితే కార్డు వెతికి పాసు ఇవ్వాలి. ఒక్క పేరుకి నలభై సెకన్లు! వరస రోడ్డు దాకా పోతోంది. పాసు అందనివాళ్ళకి ఆ రోజు పని లేదు.

సెక్రటరీ గుణశేఖర్ గారు 'వేలిముద్ర మిషన్ పెట్టేసి కిటికీ మూసేద్దాం' అంటున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, విసిగిపోయాడు అంతే. కానీ ఆరువందల నలభైమందికి మిషన్ మీద వేలు పడటం లేదత్తా. బస్తాలు మోసి, బొగ్గు ఊడ్చి గీతలన్నీ అరిగిపోయాయి. వరహాలమ్మ అని బొగ్గు ఓడలు ఆగే బెర్తు దగ్గర ఊడ్చే ఆవిడ, పది వేళ్ళూ పెట్టి చూసింది. 'ఏలు మీద గీతలు బొగ్గు తినీసింది తల్లీ, నానేటి సేత్తాను? నా పేరు నాకుంది కదా, అది సూడు' అంది. ఆ మాట నాకు పట్టుకుంది.

అందుకే కమిటీ ముందు నిలబడి పందెం కాశాను. మార్చి 28న ఆడిట్ వాళ్ళు మళ్ళీ వస్తారు. ఆలోగా సర్వర్ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారాలి, ఏ పేరైనా మూడు సెకన్లలో దొరకాలి. దొరికితే కిటికీ ఉంటుంది. లేదంటే మూత, వరహాలమ్మ లాంటివాళ్ళు బయట.

కంగారు పడకు, గెలుస్తాను! టెస్ట్ సర్వర్ మీద పదకొండు ఇండెక్సులు కట్టాను. పేరుకి ఒకటి, పుట్టిన తేదీకి ఒకటి, ఫోన్ నంబరుకి ఒకటి, ఏదీ వదల్లేదు. పేరు కొడితే రెప్పపాటులో వచ్చింది! నీ పాత పట్టికలో 'క6' అని ఒక గడి ఉంది. అన్నీ అంకెలే, 17, 203, 388 అని. ఎవరికీ తెలియదన్నారు, చెత్త అనుకుని కొత్తదాంట్లో తీసేశాను.

నీ ఇంద్రజ


సబ్బవరం
జనవరి 11

ఇంద్రజకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు సంతోషానికి, ఒకసారి తిట్లు ఏరుకోవడానికి.

పదకొండు ఇండెక్సులేమిటే, పెళ్ళికూతురి గాజులా? పూర్ణా మార్కెట్‌లో చింతపండు కావాలంటే కొట్టు కొట్టూ తిరగం. చింతపండు వరసలోకి పోతాం. ఇండెక్సు అంటే ఆ వరస. ఏది ఎక్కడుందో ముందే సర్ది పెట్టుకున్న జాబితా. బాగుంది. కానీ కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పదకొండు జాబితాల్లోనూ రాయాలి కదా? రోజూ పొద్దున్న మూడువందల పాసులు ఎక్కుతాయి. ఒక్కొక్క పాసుకీ పదకొండు చోట్ల రాతకోతలంటే సర్వర్ ఏడుస్తుంది. కిటికీ దగ్గర నిజంగా ఏం అడుగుతారో దానికే కట్టు, మిగతావి పీకేయ్.

రెండో మాట. 2008 నుంచి ఈనాటి సాఫ్ట్‌వేర్‌కి ఒక్క గెంతులో పోలేవు. కొత్తది పాతదాని ఫైళ్ళు చదవదు. ఇక్కణ్ణుంచి విజయనగరం వెళ్ళాలంటే ఆనందపురంలో బస్సు మారినట్టు, మధ్యలో రెండు వెర్షన్ల దగ్గర దిగి ఎక్కాలి. దిగిన ప్రతిచోటా మొత్తం తలలు లెక్కపెట్టుకో, ఎవరైనా బస్సులో ఉండిపోయారేమో.

మూడోది. క6 తీయకు. తీసేస్తే మళ్ళీ పెట్టు. ఎందుకని అడగకు.

నా బీర పాదు బాగా కాస్తోంది. మణికంఠ చేత పంపుతున్నాను. పీచు తీయకుండా వండకు.

అత్త


రేవు సంఘం ఆఫీసు
ఫిబ్రవరి 10

అత్తా!

దిగాం, ఎక్కాం, మళ్ళీ దిగాం! రెండు మజిలీలు దాటి నిన్న మధ్యాహ్నం మూడింటికి కొత్త వెర్షన్ లేచింది! ముప్పైఒక్క వేల నాలుగువందల పన్నెండు కార్డులు. మూడుచోట్లా లెక్కపెట్టాను, ఒక్క తల తగ్గలేదు. కీర్తన తెలుసుగా, కిటికీ దగ్గర పాసులు ఇచ్చే అమ్మాయి, నేనూ తనూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం. గుణశేఖర్ గారే స్వయంగా టీ తెప్పించారు. పదకొండు ఇండెక్సుల్లో పది పీకేసి పేరు మీద ఒక్కటే ఉంచాను, చూశావా, నీ మాట విన్నాను.

ఇవాళ పొద్దున్న కిటికీ దగ్గర మొదటిసారి పెట్టాం. మొదటి మనిషి వచ్చాడు. 'పేరు?' 'అప్పలరాజు.' కొట్టాను. తిరిగింది, తిరిగింది, తిరిగింది. యాభై రెండు సెకన్లు! పాతదానికన్నా పన్నెండు ఎక్కువ!

ఎందుకో తెలుసా? మన దగ్గర పద్దెనిమిది వందలమంది అప్పలరాజులున్నారు! పధ్నాలుగు వందలమంది నూకరాజులు. సింహాచలాలు, పైడితల్లులు, అప్పలనర్సమ్మలు వందలకొద్దీ. సింహాచలం అప్పన్నకో, ఊరి అమ్మవారికో మొక్కుకున్నవాళ్ళంతా ఆ పేరే పెట్టుకుంటే పేరు మీద ఇండెక్సు కట్టి ఏం లాభం? పద్దెనిమిది వందల కార్డులూ ఒక్కొక్కటే తెరిచి ఫొటోలతో సహా తెర మీద పోస్తోంది. నేను టెస్ట్ చేసిన పేర్లు హైదరాబాద్ కంపెనీ పంపిన దొంగ పేర్లు. ఒకటి మరోదానిలా లేదు. నేనూ ఇక్కడే పుట్టాను కదా, మా క్లాసులోనే ముగ్గురు అప్పలరాజులుండేవాళ్ళు కదా, నాకెందుకు తట్టలేదు? నా బుర్రకి బూజు పట్టింది.

వరహాలమ్మకి ఇవాళ పాసు అందలేదు. గేటు మూసేశారు. తిట్టలేదు నన్ను. 'రేపొత్తానులే' అని చీపురు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

వెంటనే పాత సర్వర్‌కి మారిపోయాం. ఇంకా నలభై ఆరు రోజులుంది. నీ క6 పాత సర్వర్‌లో భద్రంగా ఉంది, వెనక్కి తెచ్చాను. ఒకటి నుంచి 412 వరకు అంకెలు. కానీ 203 అంటే ఏమిటో ఎక్కడా రాసి లేదు. నీ పాత ప్రోగ్రాములో మాత్రం ప్రతిచోటా 'ముందు క6 జాబితాలోనే వెతుకు' అని ఒక వాక్యం ఉంది. కొత్త వెర్షన్ ఆ ఆజ్ఞను ఖాతరు చేయడం లేదు.

అడగకు అన్నావు. అడుగుతున్నాను అత్తా. క6 ఏమిటి?

ఇంద్రజ


సబ్బవరం
ఫిబ్రవరి 14

అమ్మా ఇంద్రజా,

చెబుతాను. నాలుగు కాగితాలు చింపి ఐదోది రాస్తున్నాను.

2008 జూన్. కొత్త సర్వర్ పెట్టి వారమైంది. నేనూ నీలాగే ఎగిరి గెంతేస్తున్నాను. అంతకుముందు శ్రీరామ్మూర్తి గారని ముసలి గుమస్తా ఉండేవారు, కార్డులన్నీ చెక్క అరల్లో. మనిషి రాగానే ఆయన పేరు అడిగేవారు కాదు. 'ఏ ఊరు?' అనేవారు. ఊరు చెబితే ఆ అర లాగి, 'ఇంటిపేరేటి?' అని, చివర్న పేరు. నాకది పాతకాలపు చాదస్తంలా కనిపించింది. కంప్యూటరు వచ్చాక ఊరెందుకు? పేరు కొడితే చాలదా? పేరు మీదే ఇండెక్సు కట్టాను. నువ్వు చేసిన తప్పే, పదహారేళ్ళ ముందు.

ఆ రోజు పొద్దున్న పదింటికి ఓడలో బస్తాల వల తెగి ఒక మనిషి మీద పడింది. ఆసుపత్రికి చేరకుండానే పోయాడు. గవర్రాజు, తండ్రి అప్పన్న. ఇంటికి కబురు పంపాలి, చిరునామా ఇమ్మన్నారు. పేరు కొట్టాను. పైన వచ్చిన మొదటి వరస చూసి చీటీ మీద రాసి ఇచ్చేశాను. గిడిజాల అని. కిందికి చూడలేదు. కింద ఇంకో గవర్రాజు ఉన్నాడు. ఇంటిపేరు అదే, తండ్రి పేరు అదే, ఊరు వేములవలస.

జీపు గిడిజాల వెళ్ళింది. ఆ ఇంటి ఇల్లాలు నేల మీద పడి దొర్లి ఏడ్చింది. వీధి వీధంతా చేరింది. నాలుగింటికి ఆ గవర్రాజు వేరే బెర్తులో డ్యూటీ దిగి, చేపల సంచి పట్టుకుని నడిచొచ్చాడు. 'ఎవుడు సచ్చిపోనాడు?' అని అడిగాడట.

జనం ఇది చెప్పుకుని నవ్వారు, ఇప్పటికీ నవ్వుతారు. నేను ఒక్కసారీ నవ్వలేదు. ఎందుకంటే వేములవలస ఇంట్లో ఆ వేళకి పైడితల్లమ్మ కూర వండుకుని మొగుడి కోసం రోడ్డు వైపు చూస్తోంది. ఆవిడకి కబురు అందేసరికి రాత్రి ఏడయింది.

ఆ తరవాత మూడు నెలలు రోజూ పొద్దున్న గేటు దగ్గర నిలబడి ప్రతి మనిషినీ ఊరు అడిగి రాసుకున్నాను. 412 ఊళ్ళు, వాడలు. ఒక్కోదానికి ఒక అంకె. అదే క6. ఆ అంకెలకి అర్థం తొమ్మిది లాంగు నోట్సుల్లో ఉంది. మెషీన్లో ఎక్కించలేదు, నేనున్నన్నాళ్ళూ ఊరు వినగానే అంకె నేనే కొట్టేదాన్ని, మానేశాక అటక మీద దాచాను. మొదటి నోట్సు మొదటి పేజీలో ఆ ఇద్దరు గవర్రాజుల పేర్లు రాసుకున్నాను. అది ఎవరూ చదవకూడదనుకున్నాను. చూశావా, ఒక తప్పు దాచడానికి ఎంత పనిని దాచేశానో.

నోట్సులు మణికంఠ తెస్తున్నాడు. గోనెసంచిలో కట్టాను. ఇండెక్సు మూడింటి మీదా కలిపి కట్టు. వరస ముఖ్యం. ముందు ఊరు, తరవాత ఇంటిపేరు, చివర్న పేరు. తెర మీద కూడా అదే వరసలో అడగాలి. ఇంకా ఒకే మాదిరి ఇద్దరు వస్తే ఇద్దర్నీ చూపించాలి, మొదటివాణ్ణి చదివి వదిలేయకూడదు.

నీ మొదటి ఉత్తరంలో వరహాలమ్మ పేరు దగ్గర ఆగి, కాగితం మడిచి మళ్ళీ విప్పాను. గిడిజాల గవర్రాజు భార్య ఆవిడే. ఆ తరవాతి నెలలోనే రేవులో పనికి చేరింది. పదేళ్ళు కిటికీలోంచి ఆవిడకి పాసు ఇచ్చాను, తల ఎత్తకుండా. నా పేరు ఆవిడ దగ్గర ఎత్తకు.

అత్త


రేవు సంఘం ఆఫీసు
ఫిబ్రవరి 24

అత్తా,

హడావుడిగా రాస్తున్నాను, అన్నయ్య బండి స్టార్ట్ చేసేశాడు. నోట్సులు అందాయి. మొదటి పేజీ చదివాను. నువ్వు నా అత్తవి, అంతే.

ఊళ్ళన్నీ ఎక్కించేశాం! ఇండెక్సు నువ్వు చెప్పిన వరసలోనే కట్టాను. అయినా పదకొండు సెకన్లు పడుతోంది! ఇండెక్సు ఉందని తెలిసి కూడా కొత్త సర్వర్ అందులో వెతకదు. మొత్తం గోదామంతా తిరిగొస్తోంది. మొండిఘటం. ఏం చెయ్యను?

ఇంద్రజ


సబ్బవరం
ఫిబ్రవరి 25

ఒసే పిచ్చిమొహమా,

కొత్త కోడలికి ఏ డబ్బాలో ఏముందో చూపించకుండా కాఫీ పెట్టమంటే ఏం చేస్తుంది? అన్ని డబ్బాలూ మూత తీసి చూస్తుంది. వెర్షన్ మారినప్పుడు సరుకు వెళుతుంది కానీ లెక్కలు వెళ్ళవు. ఏ ఊళ్ళో ఎంతమంది, ఏ పేరు ఎన్నిసార్లు, ఆ లెక్క దానికి మళ్ళీ తీసుకోమని చెప్పాలి. చెప్పు. ఒక్క ఆజ్ఞ. తరవాత నువ్వు బతిమాలక్కర్లేదు, దారి అదే ఎంచుకుంటుంది.

అత్త


రేవు సంఘం ఆఫీసు
మార్చి 29

అత్తా అత్తా అత్తా!

గెలిచాం! కిటికీ ఉంటుంది!

వరసగా చెబుతాను, చెయ్యి ఆగడం లేదు. నువ్వు చెప్పిన లెక్కల ఆజ్ఞ ఇచ్చిన రోజే పదకొండు సెకన్లు ఒకటి కన్నా తక్కువైపోయాయి. నేను గడియారం చెడిపోయిందనుకున్నాను. నిన్న ఆడిట్ వాళ్ళు ముగ్గురు పొద్దున్న ఆరుకే వచ్చి కిటికీ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డారు. కీర్తన అడుగుతోంది, నేను కొడుతున్నాను. 'ఏ ఊరు?' 'శొంఠ్యాం.' 'ఇంటిపేరు?' చెప్పడం పూర్తయ్యేలోగా తెర మీద మనిషి! వరసలో వాళ్ళకి హుషారొచ్చేసింది. ఒకాయన ఊరి పేరు అరిచి 'కొట్టమ్మా, కొట్టు!' అని ఈలలేశాడు. ఆరూ ముప్పావుకి వరస అయిపోయింది. అత్తా, గేటు మూయడానికి పావుగంట ముందు కిటికీ దగ్గర ఎవరూ లేరు! గుణశేఖర్ గారు బయటికెళ్ళి రోడ్డు మీద ఎవరైనా మిగిలారేమోనని వెతికొచ్చారు. 'మిషన్ కొనక్కర్లేదమ్మా, బతికించావు' అన్నారు. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడకుండా చదువు.

ఊళ్ళు ఎక్కించేటప్పుడు నీ నోట్సులో కొన్ని పేర్లు చెదలు తినేశాయి. ఆ చిన్న చిన్న వాడలు నాకెక్కడ తెలుసు? డ్యూటీ అయ్యాక వరహాలమ్మే వచ్చి నా పక్కన కూర్చునేది. 'అది రామవరం పక్కన పాలెం, దానికి రెండు పేర్లు' అని చెబుతుంటే నేను కొట్టేదాన్ని. మొదటి నోట్సు ఆవిడ ముందు పెట్టకుండా సొరుగులో దాచాను. నీ పేరు ఎత్తలేదు, ఒట్టు.

నిన్న వరసలో ఆవిడ వంతు వచ్చింది. 'ఏ ఊరమ్మా?' 'గిడిజాల.' సెకను పట్టలేదు. పాసు తీసుకుని వెళ్ళదే! కిటికీ ఊచలు పట్టుకుని, 'గౌరీశ్వరమ్మ బాగుందేటి?' అంది.

నీ పేరు, అత్తా! ఆవిడ నోటి వెంట! 'ఆవిడ మా అత్త అని నీకెలా తెలుసు?' అన్నాను.

'ఆ పుస్తకాలు ఆయమ్మవి కాదేటి? గేటు కాడ నిలబడి నా ఊరు రాసుకున్నప్పుడే తెలుసు. ఆ సీటీ తప్పు రాసినమ్మ ఈవిడే అని జీపు డ్రైవరు ముందే సెప్పీసినాడు. పదేళ్ళు తల ఒంచుకునే పాసు ఇచ్చింది, పాపం. నాను పలకరిద్దునా అంటే తలెత్తితేనా?'

కోపం లేదా అని అడిగేశాను, అత్తా. ఉండబట్టలేకపోయాను.

నవ్వింది. 'కోపమేటే గుంటా! ఆ దినం ఏడవాల్సిందంతా ఏడ్చీసినాను. ఆడు సేపల సంచి ఏసుకుని ఒచ్చీసినాడు. ఆ మీద పదమూడేళ్ళు బతికినాడు. తాగొచ్చినా, తిట్టినా, సచ్చిపోయి ఒచ్చినోడు కదా అని ఊరుకునీదాన్ని. ఆ పదమూడేళ్ళూ నాకు కొసరు. కొసరేసినమ్మ మీద కోపమేటి?'

ఏడుపొచ్చేసింది నాకు. వెనకనున్నవాళ్ళు 'ఏటి, సర్వర్ మళ్ళీ ఆగిపోనాదా?' అని అరిచారు.

రేపు ఉగాది. ఇంటికి వస్తున్నాను. పచ్చడిలో మిరపకాయలు తగ్గించు.

నీ ఇంద్రజ


సబ్బవరం
ఏప్రిల్ 5

ఇంద్రజకు,

పండక్కి నువ్వు వచ్చినప్పుడు ఏమీ మాట్లాడలేదని అలిగావు. నోరు తెరిస్తే ఏడుస్తానని ఊరుకున్నాను. ఏడాది మొదటి రోజు ఏడవకూడదు.

నువ్వు గెలిచావే! వీధిలో అందరికీ చెప్పాను. సగంమందికి సర్వర్ అంటే హోటల్లో ఇడ్లీ పెట్టేవాడు. అయినా సంతోషించారు.

వరహాలమ్మ మాట వందసార్లు చదివాను. ఆవిడకి కొసరు దక్కింది, సరే. కానీ వేములవలసలో నేను తూకంలో కోసేసినది ఉంది కదా. ఈ పదహారేళ్ళలో ఒక్కసారి ఆ గుమ్మం తొక్కలేదు. నిన్న మణికంఠకి సెలవు, బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. పైడితల్లమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. నేను ఎవరో, ఏం చేశానో చెప్పాను. ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. చేట పక్కన పెట్టడం మాత్రం చూశాను. మణికంఠ పలక తెప్పించి దాని మీద రాశాడు. 'ఇప్పటికొచ్చినావా? కూకో.' అంతే. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మంచినీళ్ళు ఇచ్చింది, తాగాను.

లేవబోతుంటే ఒక్క మాట అడిగింది. పలక మీద రాయకముందే పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. 'ఆడి పేరు అందులో ఇంకా ఉన్నాదేటి?'

ఉంది అన్నాను. నువ్వు ఒక్క తల తగ్గకుండా తెచ్చావు కదా, అందుకని ధైర్యంగా అన్నాను. ఆవిడ దగ్గర ఆయన ఫొటో కూడా లేదట. కార్డు మీద ఉన్నదే.

సోమవారం వరస అయ్యాక, ఆరూ ముప్పావు దాటాక, ఇద్దరం కిటికీ దగ్గరికి వస్తాం. నన్ను చూసి లేచి నిలబడకు. అత్తా అని పిలవకు. అందరినీ అడిగినట్టే ముందు ఊరు అడుగు. ఆవిడే చెబుతుంది.

అత్త